నాన్న పడుకున్న గడ్డి

పొగ మా అక్క ఇంటి మీదికి వెళ్లలేదు. ఈ మాట నిజం. యాభై రెండేళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్న నిజం ఇదొక్కటే.

ఆ ఏడు మా స్మోలాండ్ సీమలో మే నెల నుంచీ చినుకు లేదు. బావులు అడుగంటాయి. మా వాగు మాత్రం సన్నగా, మెల్లగా, ఎక్కడికీ తొందర లేనట్టు పారుతూనే ఉంది. గడ్డి కోతలు తొందరగా ముగిశాయి. సిపాయిల శిబిరంలో గుర్రాలకు మేత కావాలని కబురొస్తే నాన్న ఒక బండి గడ్డి తోలుకుని వెళ్లాడు. నాలుగో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. బండి దిగీ దిగగానే కొట్టం వెనక్కి పరుగెత్తాడు. కాసేపటికి వచ్చి మెట్ల మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

“అక్కడ ఏం తిన్నారు?” అంది అమ్మ.

“తినడానికి అక్కడేముంది? ఆ సిపాయిలు మైదానంలో కవాతు చేస్తున్నారో, నా కడుపులో చేస్తున్నారో తెలియడం లేదు.”

అమ్మా నేనూ నవ్వాం. అతనూ నవ్వబోయి, మధ్యలో లేచి మళ్లీ కొట్టం వెనక్కి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రానికి జిగట, రక్తం. లేచి వెళ్లే ఓపిక పోయింది. వెనక గదిలో నేల మీద మందంగా రై ధాన్యపు గడ్డి పరిచి, పైన పాత దుప్పటి వేసి పడుకోబెట్టాం. మా వైపు కడుపు జారితే చేసే వైద్యం ఒక్కటే. మిరియాలు దంచి సారాలో కలిపి పట్టడం, నీళ్లు ఆపేయడం. నాన్న నీళ్లడిగేవాడు. మొదట గట్టిగా, తరవాత మెల్లగా, తరవాత కళ్లతో. అమ్మ తల అడ్డంగా ఊపేది. ఆమెకు అతని మీద ఉన్న ప్రేమ అంతా ఆ అడ్డంగా ఊపడంలోనే ఉంది. అది అప్పుడు నాకు అర్థమయింది కాబట్టే నేనూ ఇవ్వలేదు.

ఆరో రోజున పట్నం నుంచి డాక్టరు గారొచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే జబ్బు పాకిందని, ఇల్లిల్లూ తిరుగుతున్నారని చెప్పారు. నాన్న పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. అది మడత పడి అలాగే ఉండిపోయింది.

“నీళ్లిస్తున్నారా?”

“ఇస్తే ఇచ్చినదంతా అటే పోతోందండీ. అందుకే ఆపేశాను,” అంది అమ్మ.

“పొలం బీటలు వారుతుంటే, పోసిన నీళ్లు ఇంకిపోతున్నాయని పొయ్యడం మానేస్తావా అమ్మా?”

ఆయన స్వరం తగ్గించారు.

“చూడండి, దీనికి నా సంచిలో గొప్ప మందేమీ లేదు. నొప్పికి నాలుగు చుక్కలు ఇస్తాను. అసలు మందు నీళ్లే. బాగా కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పు వేసిన బార్లీ గంజి, ఎండబెట్టిన నీలిపళ్ల కషాయం. గటగటా కాదు, చెంచాతో. పోయినంత పోనీ, మీరు పోస్తూనే ఉండండి.” ఆ తరవాత ఆయన నా వైపు తిరిగారు. “అమ్మాయ్, నువ్వు విను. ఈయన నుంచి వచ్చింది ఏదైనా, గుడ్డ కానీ గడ్డి కానీ కుండలోది కానీ, బావికీ వాగుకీ దూరంగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి. లేదా కాల్చేయాలి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు బూడిదతో తోమి కడుక్కోవాలి. ఆ చేతులతో పాలు పితికావో, ఇంకో ఇంటికి నువ్వే జబ్బు మోసుకెళ్లినట్టు. విన్నావా?”

“విన్నానండి.”

“ఏదీ, చెప్పు.”

ఏటా పాదిరి గారు ఇంటింటికీ వచ్చి వేదపాఠం అప్పజెప్పించుకునే ఊరు మాది. అప్పజెప్పడం నాకు కష్టం కాదు. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన మెచ్చుకున్నట్టు తలూపారు.

ఆ రోజు నుంచి నాన్నకు చెంచాతో నీళ్లు పట్టాను. అప్పటికే ఆలస్యమైంది. తొమ్మిదో రోజు పొద్దున, నేను చెంచా అందిస్తుంటే, పెదవి మూసుకుని కళ్లతోనే చాలన్నాడు.

శవానికి స్నానం చేయించడానికి పొరుగింటి బెంగ్తత్త వచ్చింది. ఊళ్లో పురిటికీ చావుకీ ఆవిడే. చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకుని, “బతికుండగా ఒక్కనాడైనా ఇంత బుద్ధిగా ఒళ్లు కడిగించుకున్నావటయ్యా?” అని నాన్నను మందలించి, వెక్కి వెక్కి ఏడ్చి, మళ్లీ పనిలో పడింది. పని అయ్యాక గడ్డి చుట్టగా చుట్టి కొట్టం పక్కన పడేసింది.

“రేపు శవం గుమ్మం దాటుతున్నప్పుడు మిట్ట మీద తగలబెట్టండి. పొగ ఎటు పోతుందో చూడాలి మరి,” అంది.

“చూడకపోతే ఏమవుతుంది?” అన్నాను.

“అయ్యేది ఎలాగూ అవుతుంది. మీ తాత పోయినప్పుడు పొగ తిన్నగా మా కప్పు మీదికొచ్చి కూర్చుంది. క్రిస్మస్ లోపలే మా ఆయన పోయాడు. నాకు ముందే తెలిసింది కనుక, ఆ నాలుగు నెలలూ ఆయనతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు. అదీ లాభం.”

మా ఇంట్లో ఎవరికీ దీని మీద అనుమానం లేదు. పాదిరి గారికి కూడా, నాకు తెలిసినంతలో, లేదు. ఆయన అటు చూడకుండా ఉండేవారు, అంతే.

మర్నాడు పొద్దున ఊరేగింపు కదిలింది. నాన్న శవపెట్టె ఎక్కించిన బండి ముందు, జనం వెనక. మా అక్క సిస్సా రెండేళ్ల స్టీనాను చంకనేసుకుని అమ్మ పక్కన నడుస్తోంది. మా బావ యోన్స్ గుర్రాన్ని పట్టుకున్నాడు. గడ్డి తగలబెట్టడానికి నేను ఉండిపోయాను. అది ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల పని. అక్క ఒకసారి వెనక్కి తిరిగి, “త్వరగా కానిచ్చి వచ్చెయ్యి బోతీ, దారిలో కలుద్దువుగాని,” అంది. స్టీనా చెయ్యి ఊపింది.

గడ్డి కట్ట నెత్తిన పెట్టుకుని, నిప్పుకుండ చేత పట్టుకుని మిట్ట ఎక్కాను. కట్టను నేల మీదికి దించాను. అప్పుడు నా తలగుడ్డ చెంగు గాలికి ఎగిరి ముందుకు చాచుకుంది. అది చూపించిన వైపు చూశాను. దిగువన, వాగు ఒడ్డున, మా అక్క ఇల్లు. ఎర్ర రంగు వేసిన చిన్న చెక్క ఇల్లు. కప్పు మీద పచ్చిక పెరిగి, దాని మీద అక్క మేక ఎక్కి మేస్తోంది. చుట్టూ ఎన్ని ఇళ్లు లేవు! గాలి ఆ ఒక్క ఇంటినే ఎంచుకుంది.

గాలి మారుతుందేమోనని ఆగాను. ఊరేగింపు మలుపు తిరుగుతోంది. ఒక్కొక్కళ్లే తల తిప్పి మిట్ట వైపు చూస్తున్నారు. ఇంకాసేపట్లో అక్క కూడా చూస్తుంది. తన ఇంటి మీదికి పోతున్న పొగను నాన్న బండి వెనక నడుస్తూ చూస్తుంది.

నేను కట్ట నెత్తికెత్తుకుని మిట్ట అవతలి వైపు దిగాను.

అక్కడ, అక్క ఇంటికి ఎగువన, వాగు కొంచెం వెడల్పై ఒక మడుగు ఉంది. ఏటా అవిసె కట్టలు నార తియ్యడానికి అందులోనే నానబెడతాం. కట్టలు వరసగా పేర్చి, మీద రాళ్లు పెట్టి, తేలకుండా అణచడం చిన్నప్పటి నుంచీ నా పనే. చేతులకు ఆ పని ఎంత అలవాటంటే, నేను ఏం చేస్తున్నానో నాకు తెలిసేసరికి నాలుగో రాయి పెడుతున్నాను.

అప్పుడు డాక్టరు గారి మాట గుర్తుకు రాలేదా? ఈ ప్రశ్న నేను నన్ను చాలా ఏళ్లు అడగలేదు. అడిగాక తెలిసింది, గుర్తొచ్చింది. ‘వాగుకీ దూరంగా’ అన్న మాట ఆయన గొంతుతోనే వినిపించింది. కానీ ఆయన చెప్పింది జబ్బు గురించి. నేను తప్పిస్తున్నది చావును. ఆ రెండూ నాలో వేరువేరు గదుల్లో ఉండేవి, మధ్య తలుపు లేదు. కాల్చమని డాక్టరు గారూ చెప్పారు, కాల్చమని బెంగ్తత్తా చెప్పింది. చదువుకున్నవాడూ చదువుకోనిదీ ఇద్దరూ ఒకే మాట చెప్పిన చోట, ఇద్దరినీ కాదన్నది నేనొక్కదాన్నే.

పరుగున వెళ్లి చర్చి దగ్గర వాళ్లను కలుసుకున్నాను. బెంగ్తత్త పక్కకు లాగింది.

“పొగ కనపడలేదేమే?”

“గడ్డి బాగా ఎండి ఉంది. భగ్గుమని అయిపోయింది. కాస్త లేచింది కూడా నిట్టనిలువునా పోయింది.”

“నిట్టనిలువునా? అయితే ఎవరికీ లేదన్నమాట!” అని ఆవిడ ఆ కబురు జనంలోకి మోసుకెళ్లింది. అమ్మ మాత్రం నా చేతుల వైపు చూసింది.

“చేతులు ఇంకా తడిగా ఉన్నాయేం?”

“కడుక్కున్నాను.”

“మంచి పని చేశావు. డాక్టరు గారు చెప్పారు కదా,” అంది.

ఆ తరవాత పది రోజులూ నేను సంతోషంగా ఉన్నాను. నాన్న పోయిన దుఃఖం కింద, ఎవరికీ చూపించలేని చిన్న గర్వం ఒకటి నిప్పులా ఉండేది. అక్కను చూసినప్పుడల్లా, ‘నీకు తెలియదు, నిన్ను కాచింది నేను’ అనుకునేదాన్ని.

పదకొండో రోజు బావ వచ్చాడు. గుమ్మం లోపలికి రాలేదు.

“స్టీనాకి నిన్నటి నుంచి... మీ అక్కకి ఇవాళ పొద్దున్నుంచి. బోతీ, నువ్వు మామయ్యకి చేశావు కదా. నువ్వొస్తే బాగుంటుంది.”

బార్లీ, ఉప్పు, ఎండు నీలిపళ్లు మూట కట్టుకుని వెళ్లాను. పొయ్యి రాజేశాను. పెద్ద గిన్నె తోమాను. బొక్కెన తీసుకుని వాగు మెట్లు దిగాను.

నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ తరవాత నా కాళ్లు మెట్లెక్కి, ఇంటి వెనక నుంచి, కొండవాలు ఊట వైపు నడిచాయి. పోను అరగంట, రాను అరగంట. ఎందుకు వెళ్తున్నానో నాకు నేను చెప్పుకోలేదు. వాగు ఒడ్డు బురదగా ఉంది అనుకున్నాననుకుంటాను.

బొక్కెన దించుతుంటే బావ విస్తుపోయాడు.

“గుమ్మంలో వాగు పెట్టుకుని కొండెక్కొచ్చావా?”

“ఊట నీళ్లు చల్లగా ఉంటాయి.”

“కాచే నీళ్లకి చల్లదనం ఎందుకే పిచ్చి మొహమా!”

అన్ని రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడే. చాప మీద నుంచి అక్క కూడా నవ్వింది. “చిన్నప్పటి నుంచీ అంతే దానికి, దగ్గర దారి నచ్చదు,” అంది.

రోజుకు మూడుసార్లు కొండెక్కాను. స్టీనాకు చెంచా తరవాత చెంచా. కక్కితే తుడిచి, మళ్లీ చెంచా. గుడ్డలన్నీ ఇంటికి దూరంగా గోతిలో, పైన సున్నం. బూడిదతో తోమి తోమి నా వేళ్లు పగిలాయి. డాక్టరు గారు చూస్తే మళ్లీ మెచ్చుకునేవారు. కానీ నేను కొండ మీద ఉన్నప్పుడు అక్కకు దాహమయ్యేది. బావ ఒక్క అంగలో వాగుకు వెళ్లి చెంబు ముంచుకొచ్చి ఇచ్చేవాడు. ఒకసారి నా కళ్ల ముందే ఇచ్చాడు.

“కాచినవే ఇవ్వు బావా,” అన్నాను.

“అయిపోయాయే. నువ్వొచ్చేదాకా నాలుక పిడచగట్టుకుని ఉండమంటావా దాన్ని?”

వాగు నీళ్లు వద్దు అని మాత్రం అనలేదు. ఆ మాట నోటి చివరిదాకా వచ్చేది. అంటే అతను ఎందుకని అడుగుతాడు. ఆ ‘ఎందుకు’ నాకు అవతలి ఒడ్డులా కనిపించేది, అక్కడికి వంతెన లేదు. బదులుగా, వాళ్లకు సరిపోయేన్ని నీళ్లు నేనే మోసేస్తే ఆ మాట చెప్పనక్కర్లేదు కదా అని, రెండు బొక్కెనలు కావడి వేసుకుని మొయ్యడం మొదలుపెట్టాను. నా భుజం పుండు చూసి బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నేను అక్క ఇంటికి వచ్చిన ఐదో రోజు పొద్దున ఊట దగ్గర బొక్కెనలు వదిలి మడుగు దగ్గరికి వెళ్లాను. రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గడ్డి ఉబ్బి, కట్టు తెగి, నల్లని పోచలు ఒక్కొక్కటిగా నీటి మీదుగా దిగువకు సాగుతున్నాయి. మిగిలినదంతా బయటికి లాగి, దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. సున్నం కూడా పోశాను. చెప్పింది చెప్పినట్టు చేశాను.

ఆ మధ్యాహ్నం అక్క నన్ను దగ్గరికి పిలిచింది. ముఖం పిడికెడంత అయిపోయింది. బావ బయట కట్టెలు కొడుతున్నాడు.

“ఒకటడుగుతాను, నిజం చెప్పు. నన్ను పసిపిల్లని చేసి మాట్లాడకు.”

“అడుగు.”

“నాన్నను తీసుకెళ్లిన రోజున నేను తిరిగి చూశాను. నాకు పొగ కనపడలేదు. బెంగ్తత్త నిట్టనిలువునా పోయిందంది. ఆవిడ మాటకేముందిలే, నువ్వు చూశావు కదా. మా ఇంటి వైపు వచ్చిందా?”

“రాలేదక్కా.”

“ఒట్టు?”

“ఒట్టు. నాన్న మీద ఒట్టు. మీ ఇంటి వైపు పొగ రాలేదు.”

ఆమె నన్ను కాసేపు చూసింది. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని పట్టుకునేది. ఆ రోజు నా చెవులు ఎర్రబడలేదు. అన్నది అబద్ధం కాదు.

“అయితే నేను లేస్తాను,” అంది. “ఇన్నాళ్లూ అదే బెంగ. ఆ గంజి ఇలా పట్రా.” అరగిన్నె తాగింది. స్టీనాకు చలికాలానికి ఏ రంగు గౌను కుట్టాలో చెప్పింది. నీలం వద్దట, మాసినట్టు కనపడుతుందట. ఆ రాత్రి నిద్రపోయింది. మరో రెండు రోజులే ఉంది.

స్టీనా బతికింది. దిగువన పిండిమర దగ్గర ఇద్దరు పోయారు. వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఆ ఇంటికి నేను ఎప్పుడూ వెళ్లలేదు.

తరవాత చాలా ఏళ్లు, పొగను మోసం చేశాను కాబట్టి చావు నా మీద పగబట్టిందనుకున్నాను. ఆ నేరం భరించడానికి వీలుగా ఉండేది. అది పెద్దది, దేవుడికీ నాకూ మధ్యది. దాని కోసం మోకాళ్ల మీద కూర్చోవచ్చు. అసలుది చాలా చిన్నది. ఒక గడ్డి కట్ట, నాలుగు రాళ్లు, పారే నీళ్లు, నోరు విప్పని ఒక ఆడపిల్ల. దాని ముందు మోకరించడానికి చోటు లేదు. మనసు పెద్ద పాపాన్ని ముందు నిలబెట్టి, వెనక ఈ చిన్నదాన్ని దాచుకుంది.

నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. స్టీనాను పెంచాను. పెళ్లి మాట బావా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మ పోయింది, బెంగ్తత్త పోయింది, తొమ్మిదేళ్ల కిందట బావ కూడా పోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, “ఆ బొక్కెనలు మోసిన భుజం నేను మరిచిపోలేదు,” అన్నాడు.

ఈ శీతాకాలం మా ఊరి బడికి కొత్త నర్సమ్మ వచ్చి ఆడవాళ్లందరినీ పిలిచింది. పాతికేళ్లుంటాయేమో, సైకిల్ మీద తిరుగుతుంది. నల్లబల్ల మీద సుద్దతో పొట్టి పొట్టి గీతలు గీసి, రక్తవిరేచనాలు కలిగించే క్రిములు ఇలా ఉంటాయంది. ఇవి గాలిలో రావు, మనిషి మలం నుంచి చేతికీ, ఈగకీ, నీటికీ, అక్కడి నుంచి ఇంకో మనిషి నోటికీ వెళ్తాయంది. నీళ్లు కాచమంది, చేతులు కడగమంది, జబ్బు మనిషికి తాగడానికి ఆపకుండా ఇవ్వమంది. నాకు తెలియనిది ఆమె ఒక్కటీ చెప్పలేదు. గీతలు మాత్రం కొత్త.

కాఫీలు పోస్తున్నప్పుడు స్టీనా లేచి నిలబడింది. దానికీ యాభై దాటాయి, మనవలున్నారు.

“ఇదంతా యాభై ఏళ్ల కిందటే మా పిన్ని చేసిందమ్మా. మా అమ్మ పోయిన జబ్బులో నన్ను చెంచాతో నీళ్లు పట్టి బతికించింది. కాచిన నీళ్లే.”

అందరూ నా వైపు తిరిగారు. నర్సమ్మ కళ్లు మెరిశాయి. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. పుస్తకం తెరిచింది.

“మామ్మగారూ, ఇలాంటివి మేం రాసుకోవాలి. ఎక్కడి నీళ్లు కాచేవారు?”

“కొండ ఊట నీళ్లు.”

“మీ గుమ్మం ముందే వాగుంది కదా? నేను రోజూ అటే వస్తాను.”

“ఉంది.”

“మరి వాగు నీళ్లు ముట్టుకోకూడదని మీకెలా తెలిసింది? ఆ రోజుల్లో డాక్టర్లలోనే సగం మందికి తెలియదే!”

“మా పిన్నికి అన్నీ ముందే తెలుస్తాయి,” అంది స్టీనా. అందరూ నవ్వారు. అది నా భుజం మీద చెయ్యి వేసింది. పుండు మానిన చోటే.

నర్సమ్మ పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తోంది. తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప ఆ ముఖంలో ఇంకేమీ లేదు. బావ అడుగుతాడని భయపడి నేను తప్పించుకున్న ప్రశ్నను, ఎంత మర్యాదగా అడిగిందో! ఇప్పుడు చెప్పినా కోప్పడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. స్టీనా తప్ప.

“ఆ ఏడు వాగు ఎండిపోయిందమ్మా,” అన్నాను.

ఆమె అలాగే రాసుకుంది.